తీసేస్తే పోతుందా?

కొని ఆడనివి, ఉచితంగా వచ్చి పడినవి, ఆడి విసిగినవి... కంప్యూటర్ ఆటల లైబ్రరీలో పేరుకున్న సరుకును శాశ్వతంగా వదిలించుకోవడం ఎలా? తీసేసే మీట మన చేతిలో ఎంతవరకు ఉంది?

జూన్ నెలాఖరుకల్లా విశాఖ శివారు దువ్వాడలో రెండు మొదలవుతాయి. ఒకటి వాన, రెండోది స్టీమ్ వాళ్ల సమ్మర్ సేల్. వానకు గొడుగుంది. సేల్‌కు మాత్రం కాలేజీ హాస్టళ్లలోనూ, కూర్మన్నపాలెం వైపు నలుగురైదుగురు కలిసి తీసుకున్న అద్దె ఇళ్లలోనూ అడ్డు లేదు. రెండు వేల ఆట నాలుగొందలకు, ఎనిమిదొందల ఆట ఎనభైకి. "ప్లేటు బిర్యానీ కూడా రాదురా దీనికి" అని ఒకడంటాడు. ఆ మాటతో గదిలో మిగతావాళ్లూ కొనేస్తారు. కొన్నవాడు ఆడతాడా అంటే, ఆడడు. సెమిస్టర్ అయ్యాక ఆడదామనుకుంటాడు. సెమిస్టర్ అయ్యేసరికి శీతాకాలం సేల్ వస్తుంది.

ఇలా నాలుగేళ్లు గడిచాక ల్యాప్‌టాప్ తెర మీద ఎడమవైపు ఒక జాబితా తయారవుతుంది. కిందికి జరుపుతూ పోతే ఒక పట్టాన అయిపోదు. అందులో నిజంగా ఆడినవి కొన్ని. తెరిచి పది నిమిషాల్లో మూసేసినవి కొన్ని. ఎందుకు కొన్నామో గుర్తులేనివి చాలా. ఉచితం కదా అని నొక్కినవి ఇంకా చాలా. చెల్లెలు పక్కన కూర్చుంటే తెరవడానికి ఇబ్బందిపడేవి ఒకటో రెండో. వెనక నిలబడి చూసిన అమ్మ "ఇన్నెందుకురా? అన్నీ డబ్బులెట్టే కొన్నావేటి?" అని అడిగితే చెప్పడానికి జవాబుండదు. ఏదో ఒక రాత్రి విసుగొచ్చి, వీటిని మళ్లీ కనపడకుండా తీసిపారేయాలనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. ఎలా తీయాలి, తీస్తే ఏం పోతుంది, అసలు తీసే అధికారం ఎవరిది?

అల్మారా నుంచి సర్వర్‌లోకి

స్టీమ్ పేరు వినని పాఠకుల కోసం రెండు ముక్కలు. అమెరికాకు చెందిన వాల్వ్ కంపెనీ 2003 సెప్టెంబరులో మొదలుపెట్టిన కంప్యూటర్ ఆటల దుకాణం ఇది. ఇక్కడ డిస్కులుండవు. డబ్బు కడితే ఆట మన అకౌంటులో చేరుతుంది, కావలసినప్పుడు డౌన్‌లోడ్ చేసుకుంటాం. 2004 నవంబరులో హాఫ్ లైఫ్ 2 వచ్చినప్పుడు, దుకాణంలో డిస్కు కొన్నవాడు కూడా స్టీమ్ అకౌంటు తెరిస్తేనే ఆడగలడని షరతు పెట్టారు. అప్పట్లో ఆటగాళ్లు తిట్టిపోశారు. ఇవాళ తిట్టేవాడు లేడు. అల్మారాలో ఉండాల్సిన వస్తువు ఎక్కడో సర్వర్‌లో ఒక వరుసగా మారిపోవడం అలవాటైపోయింది.

మన దగ్గర ఆ అలవాటు ఆలస్యంగా వచ్చింది. గాజువాకలో గంట లెక్కన కూర్చునే నెట్ సెంటర్ల రోజుల్లో కౌంటర్ స్ట్రైక్, వైస్ సిటీ లాంటివి ఎవరో కాపీ చేసిచ్చిన సీడీల మీదే వచ్చేవి. డాలర్లలో ధర, అంతర్జాతీయ క్రెడిట్ కార్డు అంటే ఇంజినీరింగ్ చదివే కుర్రాడి ఊహకు అందని సంగతులు. 2015లో స్టీమ్ రూపాయల్లో ధరలు పెట్టింది. ఆ మరుసటి ఏడాది సెప్టెంబరులో జియో వచ్చింది. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ అన్న ఆ పథకానికి నెట్‌వర్క్ కేంద్రం విశాఖలోనే ఏర్పాటైంది. వంద జీబీ ఆటను రాత్రికి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి దిగి ఉండటం ఉక్కునగరం పిల్లలకు ఆ తర్వాతే అనుభవంలోకి వచ్చింది. అంతకుముందు నెల కోటాలో సగం ఒక్క ఆటకే పోయేది. అలా దించుకున్నదాన్ని తీసేయమంటే ప్రాణం ఒప్పేది కాదు. ఇప్పటికీ చాలామందిలో ఆ పాత భయం ఇంకో రూపంలో పనిచేస్తోంది. మళ్లీ దించుకోవాలంటే ఎలా అని కాదు, మళ్లీ దొరుకుతుందో లేదో అని.

ఇది దువ్వాడ కుర్రాళ్ల జబ్బే అనుకుంటే పొరపాటు. 2014లో ఆర్స్ టెక్నికా పత్రిక స్టీమ్ ఖాతాలను నమూనాగా తీసుకుని లెక్కగడితే, జనం ఖాతాల్లో ఉన్న ఆటల్లో దాదాపు 37 శాతాన్ని ఒక్కసారి కూడా తెరవలేదని తేలింది. అప్పటికి స్టీమ్‌లో ఉన్న ఆటలు ఇవాళ్టితో పోలిస్తే చాలా తక్కువ. 2024లో ఒక్క ఏడాదే 18,000కు పైగా కొత్త ఆటలు అందులోకి వచ్చాయి.

ఇక ఉచితాల సంగతి. ఎపిక్ గేమ్స్ అనే మరో దుకాణం 2018 చివరి నుంచి ఆటలను ఉచితంగా పంచడం మొదలుపెట్టి, వారం వారం ఇస్తూనే ఉంది. 2020 మేలో లాక్‌డౌన్ మధ్యలో జీటీఏ 5ను ఊరికే ఇస్తున్నామనగానే తాకిడికి ఆ సైటే కాసేపు పడిపోయింది. ఆ రోజు నొక్కినవాళ్లలో ఎంతమంది ఆడారో గానీ, నొక్కడం మాత్రం అలవాటుగా మిగిలింది. గురువారం రాత్రి ఉచిత ఆట తీసుకోవడం కొందరికి ఒక నోము.

తీయడంలో రకాలు

అన్‌ఇన్‌స్టాల్ అంటే తీసేయడం కాదు. ఈ ఒక్క విషయం అర్థమైతే సగం గందరగోళం పోతుంది. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే మన కంప్యూటర్‌లోని ఫైళ్లు మాత్రమే పోతాయి, డిస్కులో చోటు ఖాళీ అవుతుంది. ఆట పేరు లైబ్రరీలో వెలిసిన రంగులో అలాగే కూర్చుని ఉంటుంది. ఎందుకంటే మనం కొన్నది ఫైళ్లను కాదు. ఫలానా ఖాతాదారుకు ఫలానా ఆట ఆడే అనుమతి ఉందని వాల్వ్ సర్వర్‌లో రాసి ఉన్న పద్దును. ఫైళ్లు మన దగ్గరుంటాయి, పద్దు వాళ్ల దగ్గరుంటుంది.

రెండోది దాచడం. ఆట పేరు మీద కుడి మీట నొక్కి మేనేజ్‌లోకి వెళితే హైడ్ అనే మాట ఉంటుంది. జాబితాలోంచి మాయమవుతుంది, కావాలంటే వ్యూ మెనూలో హిడెన్ గేమ్స్ అని వెతుక్కుని బయటికి తెచ్చుకోవచ్చు. ఇది మన కంటికి కనపడకుండా చేస్తుందే గానీ స్నేహితుల కంటికి కాదు. దానికి వేరే ఏర్పాటు చేశారు. ప్రైవేట్ అని గుర్తు పెడితే ఆ ఆట మన దగ్గరుందని, ఆడుతున్నామని, ఎన్ని గంటలు ఆడామని మిగతావాళ్లకు తెలియదు. ఆఫీసు సహోద్యోగులంతా స్టీమ్‌లో స్నేహితులుగా ఉన్న దువ్వాడ సెజ్ ఉద్యోగికి ఈ మీట విలువ నేను చెప్పనక్కర్లేదు.

మూడోదే అసలైనది. పైన హెల్ప్ మెనూలో స్టీమ్ సపోర్ట్ తెరవాలి. అక్కడ ఆటను వెతికి ఎంచుకుంటే ఆ ఆటతో మన ఇబ్బంది ఏమిటని వరుసగా కొన్ని కారణాలు చూపిస్తుంది. వాటిలో ఈ ఆటను నా ఖాతా నుంచి శాశ్వతంగా తొలగించాలి అన్న అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యం ఒకటుంటుంది. దాన్ని నొక్కితే వెంటనే తీసేయదు. ఒక హెచ్చరిక పెడుతుంది. తొలగించాక సపోర్ట్ వాళ్లను అడిగినా తిరిగి రాదని, మళ్లీ ఆడాలంటే మళ్లీ కొనుక్కోవాల్సిందేనని. సరే అంటే పోయినట్టే.

ఈ హెచ్చరికలో జనం చదవకుండా దాటేసే భాగం ఒకటుంది. దానికి కారణం స్టీమ్ లోపలి పద్ధతి. అక్కడ అనుమతి ఇచ్చేది ఆటకు కాదు, ప్యాకేజీకి. ఒక్కో ప్యాకేజీలో ఒక ఆట ఉండొచ్చు, ఐదు ఉండొచ్చు. 2007లో వాల్వ్ ఆరెంజ్ బాక్స్ పేరుతో హాఫ్ లైఫ్ 2, దాని రెండు కొనసాగింపులు, పోర్టల్, టీమ్ ఫోర్ట్రెస్ 2 కలిపి అమ్మింది. అలా గుత్తగా ఒకే ప్యాకేజీలో వచ్చినవాటిలో ఒకదాన్ని శాశ్వతంగా తీయబోతే, దానితోపాటు వచ్చినవన్నీ పోతాయి. ఏవేవి పోతాయో పేర్లు ముందే చూపిస్తుంది. ఆ పేర్లు చదవకుండా సరే నొక్కి, నచ్చని ఆటతో పాటు ప్రాణప్రదమైన పోర్టల్‌నూ పోగొట్టుకుంటే ఆ తర్వాత ఎవరిని నిందించి లాభం లేదు. ఈమధ్య వచ్చే బండిళ్లు చాలావరకు విడివిడి ఆటలను ఒక ధరకు కట్టినవే కాబట్టి వాటితో ఈ బాధ తక్కువ. పాత ప్యాకేజీలతోనే జాగ్రత్త.

ఇంకో మాట. ఆట కొని 14 రోజులు దాటకపోతే, ఆడింది 2 గంటలలోపే అయితే, తొలగించడం తెలివితక్కువ. 2015 జూన్ నుంచి స్టీమ్ ఈ షరతుల మీద డబ్బు వెనక్కిస్తోంది. రీఫండ్ అడిగితే ఆటా పోతుంది, డబ్బూ వస్తుంది. తొలగింపులో ఆట ఒక్కటే పోతుంది. అదే సపోర్ట్ పేజీలో రెండు దారులూ పక్కపక్కనే ఉంటాయి, చూసుకుని నొక్కాలి.

హాస్టల్లో ఉండేవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. మీ ఆటలను ఇలా శాశ్వతంగా తొలగించడానికి పెద్ద విద్య అక్కర్లేదు. లాక్ చేయకుండా వదిలేసిన ల్యాప్‌టాప్, పక్క మంచం మీద కాస్త కోపంగా ఉన్న స్నేహితుడు ఉంటే చాలు.

శాశ్వతం అన్న మాట ఎవరికి వర్తిస్తుంది?

ఇక్కడ ఒక వింత ఉంది. శాశ్వత తొలగింపు కావాలని గట్టిగా కోరుకునేది ఎవరు? జాబితా శుభ్రంగా ఉండాలనుకునేవాళ్లు కొందరు. కానీ పట్టుదలగా కోరుకునేది మాత్రం ఆట మానలేకపోతున్నవాళ్లు. గేట్ పరీక్షకు మూడు నెలలుంది, క్యాంపస్ ఇంటర్వ్యూలు ముంచుకొస్తున్నాయి, రాత్రి ఒకే ఒక్క మ్యాచ్ అనుకుని కూర్చుంటే కిటికీలోంచి తెల్లారుతోంది. వీళ్లకు కావలసింది ఆట కనపడకపోవడం కాదు, తిరిగి వెళ్లే దారి మూసుకుపోవడం.

తీరా చూస్తే రాత్రుళ్లు మింగే ఆటల్లో ఎక్కువ భాగం ఉచితమైనవే. డోటా 2 ఉచితం. కౌంటర్ స్ట్రైక్ 2 ఉచితం. వీటిని ఖాతా నుంచి శాశ్వతంగా తీసేసినా, స్టోర్‌లోకి వెళ్లి ప్లే నొక్కితే మళ్లీ వచ్చేస్తాయి. వెనక్కి ఊరికే రానిది డబ్బు పెట్టి కొన్నది. అంటే ఎవరికి శాశ్వతం అవసరమో వాళ్లకది దొరకదు. ఎవరికి అంత అవసరం లేదో వాళ్లకు దొరుకుతుంది. ఈ ఏర్పాటు చేసినవాళ్లు చెడ్డ ఉద్దేశంతో చేశారని నేననను గానీ, వాళ్ల వ్యాపారానికి ఇది ఇబ్బంది కలిగించదన్నది మాత్రం నిజం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో ఆటల వ్యసనాన్ని రుగ్మతగా చేర్చింది. ఎక్కువసేపు ఆడటమే రోగం అని అందులో లేదు. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నింటికంటే ఆటే ముందు కావడం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం, ఇది మామూలుగా ఏడాది పాటు సాగడం, ఇవీ లక్షణాలు. అలాంటి స్థితిలో ఉన్న కుర్రాడికి తల్లిదండ్రులు ఫోను లాక్కుని ఆటలు తీసేయించడం కంటే 14416కు ఫోన్ చేయించడం మేలు. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ అది, తెలుగులోనూ మాట్లాడతారు. చిన్నపిల్లలున్న ఇళ్లకైతే స్టీమ్ ఫ్యామిలీస్ అనే ఏర్పాటుంది. అందులో పిల్లవాడి ఖాతాలో ఏ ఆటలు కనపడాలో, ఎంతసేపు ఆడాలో పెద్దవాళ్లు నిర్ణయించొచ్చు. తొలగించాల్సిన పని లేకుండానే చాలావరకు సర్దుకుంటుంది.

శాశ్వతంగా తీసేసే విషయంలో మిగతా దుకాణాలు స్టీమ్ అంత వీలు కూడా ఇవ్వడం లేదు. ఎపిక్‌లో రీఫండ్ గడువు దాటిన ఆట నచ్చకపోతే దాచుకోవాల్సిందే. ఆపిల్ ఫోన్లలో కొనుగోళ్ల జాబితాలోంచి యాప్‌ను దాచొచ్చు, చెరపడం కుదరదు. ఎందుకిలా? సాంకేతికంగా ఒక పద్దు చెరపడం కష్టమేం కాదు. నాకు తోచిన కారణం ఇది: మన జాబితా ఎంత బరువెక్కితే మనం అంతగా ఆ దుకాణానికే కట్టుబడి ఉంటాం. మూడొందల ఆటలున్నవాడు వేరే దుకాణానికి పోవాలంటే వెనక్కి తిరిగి చూసుకుంటాడు. ఆడనివైనా సరే, అన్నీ అక్కడే ఉన్నాయి కదా మరి.

వాళ్లు తీసేసినప్పుడు

మనం తీయాలంటే ఇన్ని హెచ్చరికలు చూపే కంపెనీలు, తాము తీయాలనుకున్నప్పుడు మనల్ని అడగవు.

2009 జులైలో అమెజాన్ కంపెనీ కొందరు పాఠకుల కిండిల్ పరికరాల్లోంచి వాళ్లు కొన్న పుస్తకాలను దూరం నుంచే చెరిపేసింది. అమ్మినవాడికి హక్కుల్లేవన్నది కారణం. డబ్బు వెనక్కిచ్చారు. ఆ పుస్తకాల్లో ఒకటి జార్జ్ ఆర్వెల్ రాసిన 1984 కావడం వల్ల ప్రపంచమంతా నవ్వుకుంది, తర్వాత కంపెనీ క్షమాపణ చెప్పింది. ఆటల విషయంలో అంతకంటే పెద్ద గొడవ 2024లో జరిగింది. ఫ్రాన్స్‌కు చెందిన యుబిసాఫ్ట్ సంస్థ ద క్రూ అనే కార్ల పందేల ఆట సర్వర్లను ఆ ఏడాది మార్చి 31న ఆపేసింది. ఒంటరిగా ఆడే భాగం కూడా సర్వర్ మీదే నడిచేది కాబట్టి ఆట మొత్తం పోయింది. ఆ తర్వాత కొన్నవాళ్ల ఖాతాల్లోంచి అనుమతులు కూడా తొలగించింది. అంతకు రెండు నెలల ముందే ఆ సంస్థ ఉన్నతాధికారి ఒకరు, ఆటలు తమ సొంతం కాకపోవడానికి జనం అలవాటు పడాలన్న అర్థంలో మాట్లాడి ఉన్నారు. రాస్ స్కాట్ అనే యూట్యూబర్ ఆ ఏప్రిల్‌లో స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం మొదలుపెట్టాడు. ఐరోపా సమాఖ్యకు పౌరులు పెట్టుకునే వినతిపత్రం మీద 2025 జులైకి పది లక్షల సంతకాలు దాటాయి.

కాలిఫోర్నియా రాష్ట్రం ఇంకో వైపు నుంచి వచ్చింది. అక్కడ 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం, డిజిటల్ సరుకు అమ్మేటప్పుడు కొనండి అని రాస్తే, మీరు పొందేది లైసెన్సు మాత్రమేనని కూడా స్పష్టంగా చెప్పాలి. శాశ్వతంగా దించుకుని పెట్టుకోగల సరుకుకు ఆ షరతు వర్తించదు. చట్టం అమలు కాకముందే, 2024 అక్టోబరు నాటికే స్టీమ్ కొనుగోలు బుట్టలో (కార్ట్) ఆ వాక్యం కనిపించడం మొదలైంది. కొత్తగా ఏదీ మారలేదు, ఇరవై ఏళ్లుగా ఉన్నదాన్ని బయటికి చెప్పారు, అంతే.

దువ్వాడ, అగనంపూడి, వడ్లపూడి ప్రాంతాల్లో పెరిగినవాళ్లకు లైసెన్సుకూ సొంతానికీ ఉన్న ఈ తేడా ఎవరూ నేర్పక్కర్లేదు. ఉక్కు కర్మాగారం కోసం భూములు పోయిన కుటుంబాలకు ఆర్ కార్డులిచ్చారు. కార్డుంటే ఇంట్లో ఒకరికి ప్లాంటులో ఉద్యోగానికి అర్హత. ఉద్యోగం కాదు, అర్హత. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన కర్మాగారాన్ని 1992 ఆగస్టులో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. ఆ తర్వాత కూడా వేల కుటుంబాలు ఆ కార్డు భద్రంగా దాచుకుని ఎదురుచూస్తూ వచ్చాయి, కొన్ని ఇళ్లలో కార్డు తాతల నుంచి మనవల చేతికొచ్చింది. భూమి పోయిన బాధను వీడియో గేము పక్కన నిలబెట్టడం తగదని తెలుసు. చేతిలో కాగితం ఉండటానికీ, వస్తువు ఉండటానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో ఈ ఊరికి మాత్రం బాగా తెలుసు.

ఇంత జరిగినా అమ్ముకునే వీలైనా ఉంటే కొంత మేలు. డిస్కుల కాలంలో ఆడేసిన ఆటను సగం ధరకు ఇంకొకరికి ఇచ్చేవాళ్లు. ఫ్రాన్స్‌లో యుఎఫ్‌సి క్వె షొయిజిర్ అనే వినియోగదారుల సంఘం ఇదే అడిగింది, డిజిటల్ ఆటను మళ్లీ ఎందుకు అమ్ముకోకూడదని వాల్వ్ మీద కేసు వేసింది. 2019 సెప్టెంబరులో ప్యారిస్ కోర్టు వినియోగదారుల వైపే తీర్పిచ్చింది. మూడేళ్లకు అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. దాంతో మన ఆట మీద మనకున్న అధికారాల జాబితా చాలా చిన్నదైపోయింది. అమ్మలేం. బహుమతిగా మార్చివ్వలేం. తాకట్టు పెట్టలేం. పారేయడం ఒక్కటి పూర్తిగా మన చేతిలో ఉంది. అందుకే ఆ మీట విషయంలో నేను కొంచెం పిసినారిని. దాచడానికి అభ్యంతరం లేదు. చెరపడానికి గట్టి కారణం ఉండాలి. హైదరాబాద్‌లోని ఓగర్ హెడ్ స్టూడియో 2017లో తెచ్చిన అసుర లాంటి ఆట నా ముందుంటే, ఆడకపోయినా తీసేయను. మనవాళ్లు చేసినది, ఉండనీ.

లైసెన్సు గోల వద్దనుకునేవాళ్లకు జీఓజీ అనే పోలండ్ దుకాణం ఒకటుంది. అక్కడ కొన్న ఆట ఇన్‌స్టాలర్‌ను దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే ఆ తర్వాత దుకాణం మూతపడినా ఆడుకోవచ్చు. కొత్త పెద్ద ఆటలు అందులోకి ఆలస్యంగా వస్తాయి, కొన్ని రానే రావు.

సర్కారు తీసేసినప్పుడు

తెలుగు నేల మీద లక్షల ఫోన్ల నుంచి ఆటలు మాయమైంది కంపెనీల వల్ల కాదు, ప్రభుత్వాల వల్ల. 2020 సెప్టెంబరు 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించినప్పుడు అందులో పబ్జీ మొబైల్ ఉంది. అక్టోబరు 30తో సర్వర్లు ఆగాయి. డబ్బు పోసి కొన్న చొక్కాలు, తుపాకుల రంగులు ఏమైపోతాయో అని కుర్రాళ్లు ఎంత కుమిలిపోయారో ఆ రోజుల్లో కాలేజీ క్యాంటీన్లలో కూర్చున్నవాళ్లకు తెలుసు. 2021 జులైలో క్రాఫ్టన్ సంస్థ బీజీఎంఐ పేరుతో దాన్ని తిరిగి తెచ్చి, పాత ఖాతాల సరుకును మార్చుకోనిచ్చింది. 2022 ఫిబ్రవరిలో గరెనా ఫ్రీ ఫైర్ పోయింది. అదే ఏడాది జులైలో బీజీఎంఐ కూడా ప్లే స్టోర్ నుంచి మాయమై, 2023 మేలో మళ్లీ వచ్చింది. ఒకే ఆట మూడేళ్లలో ఇన్నిసార్లు పోయి వచ్చిందంటే, ఈ తొలగింపులో శాశ్వతం ఎంతో ఊహించుకోవచ్చు.

డబ్బు పందేల ఆటల కథ వేరు, దాని మీద నాకు జాలి లేదు. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. ఆడేవాళ్లకు కూడా ఆరు నెలల జైలు పడేలా రాశారు. ఆ అక్టోబరులో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి 132 సైట్లు, యాప్‌ల పేర్లతో వాటిని అడ్డుకోవాలని కేంద్రానికి ఉత్తరం రాశారు. కాగితం మీద నిషేధం ఉన్నా తెలిసినవాళ్లు దొడ్డిదారిన ఆడుతూనే వచ్చారు. 2025 ఆగస్టులో పార్లమెంటు రెండు రోజుల్లో రెండు సభలూ దాటించి తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంతో దేశమంతటా లెక్క మారింది. డబ్బు పందేల ఆటలు నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా అన్నారు, ఆడేవాళ్లను మాత్రం శిక్షించలేదు. రాష్ట్రపతి సంతకం పడీపడగానే డ్రీమ్ 11 సహా పెద్ద కంపెనీలు డబ్బు పోటీలు ఆపేశాయి.

ఇలాంటి యాప్‌లు ఫోన్‌లో మిగిలి ఉన్నవాళ్లు తీసేసే ముందు వరుస పాటించాలి. యాప్ తీస్తే ఖాతా పోదు. ముందు వాలెట్‌లో మిగిలిన డబ్బు బ్యాంకుకు తెచ్చుకోవాలి, తర్వాత యాప్ లోపలే ఖాతా రద్దు చేయాలి, ఆఖరున అన్‌ఇన్‌స్టాల్. ఈ యాప్‌లు ఆధార్, పాన్ తీసుకుని ఉంటాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మన సమాచారాన్ని చెరపమని అడిగే హక్కునిచ్చింది. 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి గానీ అమలు దశలవారీగా పెట్టారు. అడిగినట్టు రాతపూర్వకంగా ఒక మెయిల్ మన దగ్గర ఉంచుకోవడం మంచిది.

ఆడేవాడి తర్వాత

2004లో హాఫ్ లైఫ్ 2 కోసం స్టీమ్ ఖాతా తెరిచిన ఇరవై ఏళ్ల కుర్రాడికి ఇప్పుడు నలభై దాటాయి. సెజ్‌లోనో, ప్లాంటులోనో ఉద్యోగం, ఇంట్లో హైస్కూలు పిల్లలు. ఖాతాలో రెండు దశాబ్దాల ఆటలు. వాటి విలువ లెక్కగడితే లక్షల్లో తేలినా ఆశ్చర్యం లేదు. ఇంటి కాగితాలు, బీమా, పీఎఫ్ నామినీ అన్నీ సరిచూసుకునే వయసు. మరి ఇది?

2024 మేలో ఒక ఆటగాడు స్టీమ్ వాళ్లను ఇదే అడిగాడు, నా ఖాతాను వీలునామాలో రాసివ్వొచ్చా అని. కుదరదన్నారు. ఖాతా ఇంకొకరికి బదిలీ కాదు, వీలునామా ద్వారా కూడా కాదు. బతికుండగా పంచుకోవడానికి దారి ఇచ్చారు. ఆ సెప్టెంబరులో పూర్తి స్థాయిలో వచ్చిన స్టీమ్ ఫ్యామిలీస్‌లో ఒకే ఇంటివాళ్లు ఆరుగురి దాకా ఒకరి ఆటలు ఒకరు ఆడుకోవచ్చు. తండ్రి పోతే ఆ ఆటల గతేమిటన్నది ఆ ఏర్పాటులో లేదు. కాబట్టి చాలామంది చేసేది ఒక్కటే, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఒక చీటీ మీద రాసి బ్యాంకు పాస్‌బుక్ మధ్యలో పెట్టడం. ఒప్పందం ప్రకారం అదీ తప్పే. పైగా లాగిన్‌కు అడిగే స్టీమ్ గార్డ్ కోడ్ ఆయన ఫోన్‌కే వస్తుంది కాబట్టి, పిల్లలు ఆ ఫోన్‌ను కూడా చార్జింగ్ పెట్టి కాపాడుకుంటూ రావాలి.